కాంతి సాలిటాన్లు - వాటి ధ్రువణ ప్రవర్తన

కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని మనమంతా ఉన్నత పాఠశాలలోనే చదువుకున్నాం. కళాశాలలో ప్రవేశించిన పిదప ఆ వాక్యానికి కొంత సవరణ అవసరమని తెలుసుకుంటాం. సన్నని చీలిక గుండా వెలువడిన కాంతి తిన్నగా సాగిపోక పక్కలకు విస్తరిస్తుంది. దీనినే వివర్తనం అంటారు. లేజర్ కిరణం సైతం ఈ నియమానికి అతీతం కాదు. పైగా కిరణాన్ని ఎంత సన్నగా చేస్తే అది అంత త్వరగా వెడల్పవుతుంది.

అయితే తగిన పదార్థంలో, తగినంత తీవ్రతతో ప్రవేశించిన కాంతి తన విస్తరణను తానే అరికట్టుకొని, వెడల్పు మారకుండా ముందుకు సాగగలదు. అట్టి కిరణానికి స్థల సాలిటాన్ అని పేరు. దీనిని వర్ణించే మొదటి సిద్ధాంతాలు కాంతిని తీవ్రత, దశ మాత్రమే గల ఒకే ఒక తరంగంగా భావించాయి. ఆ లెక్క ప్రకారం పలుచని పొరలో సాగే సాలిటాన్ స్థిరమైనది. కాని కాంతికి ధ్రువణం అనే మరొక ధర్మం ఉన్నది. దానిని కూడా లెక్కలోకి తీసుకుంటే, ఒకే వెడల్పు గల రెండు సాలిటాన్లలో ఒకటి నిలిచి, మరొకటి నిలవకపోవచ్చునని తేలుతుంది. ఇందుకు కారణమేమిటో విద్యార్థి మిత్రులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాలువ నీటి నుంచి కాంతి వరకు

సాలిటాన్ మొదట కనిపించింది కాంతిలో కాదు, నీటిలో. 1834లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో నగర సమీపాన యూనియన్ కాలువ మీద గుర్రాలు లాగుతున్న ఒక పడవ హఠాత్తుగా ఆగిపోయింది. పడవ ముందు పోగైన నీరు మాత్రం ఆగలేదు. సుమారు 30 అడుగుల పొడవు, అడుగు నుంచి అడుగున్నర ఎత్తు గల ఒంటరి తరంగంగా అది ముందుకు సాగిపోయింది. దానిని గమనించిన జాన్ స్కాట్ రస్సెల్ అనే ఇంజనీరు గుర్రంపై ఒకటి రెండు మైళ్ళ దూరం దానిని వెంబడించాడు. గంటకు 8, 9 మైళ్ళ వేగంతో అది తన ఆకారాన్ని చాలావరకు కాపాడుకుంటూ పోయింది. 1895లో కోర్టెవెగ్, డి వ్రీస్ అనే డచ్చి శాస్త్రజ్ఞులు అట్టి తరంగానికి సమీకరణం రచించారు. 1965లో జబుస్కీ, క్రుస్కల్ అనువారు ఈ ఒంటరి తరంగాలు ఒకదానినొకటి ఢీకొని కూడా చెదరకుండా బయటపడతాయని గణన యంత్రం సాయంతో కనుగొని, వాటికి సాలిటాన్లు అని నామకరణం చేశారు.

సాలిటాన్ రహస్యం సమతౌల్యంలో ఉన్నది. తరంగాన్ని చెదరగొట్టే ప్రవృత్తి ఒకటి, కూడగట్టే ప్రవృత్తి మరొకటి. రెండూ సరిసమానమైన చోట సాలిటాన్ పుడుతుంది. కాంతి కిరణాన్ని చెదరగొట్టేది వివర్తనమని చెప్పుకున్నాం. మరి కూడగట్టేది ఏది?

పదార్థపు వక్రీభవన గుణకం స్థిరసంఖ్య అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. సాధారణ దీపపు వెలుగుకు అది నిజమే. కాని స్కాట్లండ్ దేశీయుడు జాన్ కెర్ 1875లో, బలమైన విద్యుత్ క్షేత్రంలో ఉంచిన గాజు యొక్క కాంతి ధర్మాలు మారతాయని నిరూపించాడు. కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమే గనుక, మిక్కిలి తీవ్రమైన కాంతి తాను ప్రయాణించే పదార్థపు వక్రీభవన గుణకాన్ని తానే మార్చగలదు. ఫలితం కారణానికి సరళ అనుపాతంలో ఉండదు కాబట్టి ఇట్టి ప్రభావాలను అరేఖీయ ప్రభావాలంటారు. 1960లో లేజర్ వెలువడిన తరువాతనే ఇందుకు కావలసిన తీవ్రత ప్రయోగశాలకు అందుబాటులోకి వచ్చింది.

కిరణం మధ్యభాగంలో తీవ్రత ఎక్కువ, అంచులలో తక్కువ. కనుక అనేక పదార్థాలలో మధ్యభాగపు వక్రీభవన గుణకం అంచుల కంటే కొద్దిగా పెరుగుతుంది. అనగా కిరణం తన దారిలో తానే ఒక కుంభాకార కటకాన్ని నిర్మించుకున్నట్లవుతుంది. ఆ కటకం కాంతిని మధ్యకు లాగుతుంది. 1962లో సోవియట్ శాస్త్రజ్ఞుడు అస్కర్యాన్ ఈ స్వయంకేంద్రీకరణను ఊహించాడు. 1964లో అమెరికాలో చియావో, గార్మైర్, టౌన్స్ అనువారు కిరణం ఇట్లు తన దారిలో తానే బందీ కావచ్చునని గణించారు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. నలువైపులా స్వేచ్ఛగా ఉన్న కిరణంలో ఈ సమతౌల్యం నిలవదు. శక్తి ఏమాత్రం ఎక్కువైనా కిరణం కుంచించుకుపోతూ ఒక బిందువు వైపు కూలిపోతుందని 1965లో కెల్లీ చూపాడు. శక్తి తక్కువైతే అది విస్తరించిపోతుంది. ఈ చిక్కుకు పరిష్కారం పలుచని పొర రూపంలో ఉన్న వేవ్‌గైడ్. ఎక్కువ వక్రీభవన గుణకం గల పొరను, తక్కువ గుణకం గల రెండు పొరల నడుమ ఉంచితే, సంపూర్ణాంతర పరావర్తనం వల్ల కాంతి పైకీ కిందికీ పోలేదు. ఇక విస్తరించడానికి మిగిలింది అడ్డంగా ఉన్న ఒక్క దిశ మాత్రమే. ఆ ఒక్క దిశలో కాంతి తనను తాను నిగ్రహించుకుంటే చాలు. ఈ స్థితికి సంబంధించిన సమీకరణాన్ని 1971లో జఖరోవ్, షబాట్ సంపూర్ణంగా సాధించి, అందులో స్థిరమైన సాలిటాన్లు ఉన్నాయని నిరూపించారు. 1985లో ఫ్రాన్సులోని లిమోజ్ నగరంలో బార్తెలెమీ, అతని సహచరులు కార్బన్ డైసల్ఫైడ్ ద్రవంలోనూ, 1990లో ఐచిసన్, అతని సహచరులు గాజు వేవ్‌గైడ్‌లోనూ స్థల సాలిటాన్లను ప్రయోగపూర్వకంగా చూపారు.

కొలతలు ఎట్లా ఉంటాయో ఒక ఉదాహరణతో గ్రహిద్దాం. అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకం ఇట్టి ప్రయోగాలకు పేరెన్నికగన్నది. దాని అరేఖీయ ప్రభావం సిలికా గాజు కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ. అందులో 1.55 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని, మధ్య నుంచి అంచుకు 20 మైక్రాన్ల వెడల్పుతో ప్రవేశపెట్టామనుకుందాం. పదార్థపు వక్రీభవన గుణకం సుమారు 3.3. బలహీనమైన కిరణమైతే దాదాపు 2.7 మిల్లీమీటర్ల దూరంలోనే దాని వెడల్పు 1.4 రెట్లు అవుతుంది. దానిని నిలిపి సాలిటాన్‌గా చేయడానికి మధ్యభాగంలో వక్రీభవన గుణకం పెరగవలసినది లక్షకు దాదాపు 4.6 వంతులు మాత్రమే. ఇంత స్వల్పమైన మార్పు కాంతిని బంధించగలగడం ఆశ్చర్యకరమే. ఈ సంఖ్యను పాఠకులు గుర్తుంచుకోవలెను. దీని అవసరం మళ్ళీ వస్తుంది.

ధ్రువణం ప్రవేశించిన వేళ

1669లో డెన్మార్కు దేశపు బార్తొలిన్, ఐస్‌లాండ్ నుంచి తెచ్చిన కాల్సైట్ స్ఫటికం గుండా చూస్తే ప్రతి వస్తువూ రెండుగా కనబడుతుందని ప్రకటించాడు. 1808లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మాలూస్ అట్టి స్ఫటికం గుండా, పారిస్‌లోని లక్సెంబర్గ్ భవనపు కిటికీ అద్దాలపై పరావర్తనం చెందిన సూర్యకాంతిని చూచి, పరావర్తనం వల్ల కూడా కాంతి ధ్రువణం పొందుతుందని కనుగొన్నాడు. కాంతి తిర్యక్ తరంగమని ఫ్రెనెల్ స్థాపించిన తరువాత వీటి భావం స్పష్టమయింది. కాంతిలోని విద్యుత్ క్షేత్రం, ప్రయాణ దిశకు లంబంగా కంపిస్తుంది. ఆ లంబ తలంలో పరస్పరం లంబంగా ఉన్న రెండు దిశలు ఉంటాయి కనుక ఏ కాంతినైనా రెండు అంశాలుగా విడదీయవచ్చు. రెండూ ఒకే దశలో ఉంటే సమతల ధ్రువణం. సమానమైన కంపన పరిమితితో 90 డిగ్రీల దశాభేదం ఉంటే వృత్తాకార ధ్రువణం. మిగిలినవన్నీ దీర్ఘవృత్తాకార ధ్రువణాలు.

బలహీనమైన కాంతిలో ఈ రెండు అంశాలకు పరస్పర సంబంధం లేదు. ఒకే ఇంట ఉండి పలకరించుకోని వారివలె దేని దారిన అది పోతుంది. తీవ్రమైన కాంతిలో అట్లా కాదు. ఒకటి మార్చిన వక్రీభవన గుణకాన్ని మరొకటి అనుభవిస్తుంది. ఒకే కాడికి కట్టిన రెండు ఎడ్లవలె అవి కలిసి నడవవలసి వస్తుంది. ఈ కలయికలో మూడు ప్రభావాలు ఉన్నాయి.

మొదటిది, ప్రతి అంశమూ తనపై తాను చూపే ప్రభావం. దీని విలువ 1 అనుకుందాం. రెండవది, ఒక అంశపు తీవ్రత వల్ల మరొక అంశం పొందే ప్రభావం. గాజు వంటి పదార్థంలో ఎలక్ట్రానుల స్పందన కారణంగా ఇది 2/3. మూడవది, రెండు అంశాల దశాభేదంపై ఆధారపడినది, ఒకదాని నుంచి మరొకదానికి శక్తిని మార్పిడి చేసేది. దీని విలువ 1/3. అంశాలు ఒకే దశలో ఉంటే ఈ 1/3 కలుస్తుంది. 90 డిగ్రీల దశాభేదం ఉంటే తీసివేతగా మారుతుంది.

ఈ సంఖ్యలు యాదృచ్ఛికం కావు. సమతల ధ్రువిత కాంతిని ఏ కోణంలోకి తిప్పినా గాజుకు తేడా తెలియరాదు. 2/3, 1/3 కలిసి 1 కావడం వల్లనే ఆ నియమం నెరవేరుతున్నది. వృత్తాకార ధ్రువిత కాంతి విషయం వేరు. సమానమైన తీవ్రతకు అది కలిగించే వక్రీభవన మార్పు సమతల కాంతి కలిగించే దానిలో 2/3 వంతు మాత్రమే. కావున ఒకే వెడల్పు గల సాలిటాన్ ఏర్పడడానికి సమతల కాంతి కంటే వృత్తాకార కాంతికి ఒకటిన్నర రెట్ల శక్తి కావలెను. దీర్ఘవృత్తాకార కాంతి అయితే, దాని దీర్ఘవృత్తం ప్రయాణంలో మెల్లగా తిరుగుతూ పోతుంది. 1964లో మేకర్, టెర్హ్యూన్, శావేజ్ అనువారు ద్రవాలలో ఈ భ్రమణాన్ని కొలిచారు.

పదార్థం మారితే సంఖ్యలు మారతాయి. కార్బన్ డైసల్ఫైడ్‌లో కాంతి క్షేత్రానికి అనుగుణంగా అణువులే దిశ మార్చుకుంటాయి. ఆ ప్రభావం మేరకు వృత్తాకార కాంతి కలిగించే మార్పు సమతల కాంతిలో నాలుగో వంతు మాత్రమే. స్ఫటికాలలో ఈ సంఖ్యలను నిర్ణయించేది స్ఫటిక సౌష్ఠవం. అన్ని దిశలలో ఒకే విధంగా ఉన్న పదార్థానికి ఇట్టి స్వతంత్ర సంఖ్యలు రెండు చాలు. అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ వంటి ఘన వ్యవస్థ స్ఫటికానికి మూడు కావలెను. సౌష్ఠవం ద్వారా భౌతిక ధర్మాలను నిర్ణయించే ఈ విద్యలో మన తెలుగువారి కృషి గణనీయమైనది. 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా ఉండిన సూరి భగవంతం గారు 1966లో వెలువరించిన గ్రంథం స్ఫటిక సౌష్ఠవానికి, భౌతిక ధర్మాలకు గల ఈ సంబంధాన్నే వివరించింది. అంతకు పూర్వమే వెంకటరాయుడు గారితో కలిసి ఆయన రచించిన సమూహ సిద్ధాంత గ్రంథం ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి వెలువడింది.

వేగ అక్షం, మంద అక్షం

ఇక వేవ్‌గైడ్‌కు వద్దాం. పొర ఆకారమే రెండు ధ్రువణాల మధ్య భేదాన్ని కల్పిస్తుంది. విద్యుత్ క్షేత్రం పొర తలంలో ఉంటే టి.ఇ. అని, పొరకు లంబంగా ఉంటే టి.ఎం. అని వ్యవహరిస్తారు. సాధారణంగా టి.ఇ. కాంతికి వక్రీభవన గుణకం కొద్దిగా ఎక్కువ. అనగా అది మెల్లగా నడుస్తుంది. టి.ఎం. కాంతి వేగంగా నడుస్తుంది. కాబట్టి మొదటిదానిని మంద అక్షమని, రెండవదానిని వేగ అక్షమని అనవచ్చు. ఈ భేదమే ద్వివక్రీభవనం. ఉదాహరణకు గుణకాల భేదం పదివేలకు 5 వంతులు అనుకుంటే, ప్రతి 3.1 మిల్లీమీటర్లకు ఒకసారి రెండు అంశాల దశాభేదం పూర్తి ఆవర్తనం పొందుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. సాలిటాన్‌ను కేవలం వేగ అక్షం మీదనే ప్రవేశపెట్టామనుకుందాం. ఎంత జాగ్రత్త వహించినా, లంబ దిశలో అత్యల్పమైన అంశం ఒకటి చేరకుండా ఉండదు. అది అట్లే అల్పంగా ఉండిపోతుందా, లేక పెరుగుతుందా?

ప్రధానాంశం తన గుణకాన్ని పూర్తిగా 1 వంతు చొప్పున పెంచుకుంటుంది. 90 డిగ్రీల దశాభేదంలో ఉన్న లంబాంశానికి దక్కే పెంపు 2/3 నుంచి 1/3 తీసివేయగా మిగిలిన 1/3 మాత్రమే. రెండింటి తేడా 2/3. మొదట వేగ అక్షపు గుణకం తక్కువగా ఉన్నది. శక్తి పెరిగే కొలది అది పైకి లేస్తూ మంద అక్షాన్ని సమీపిస్తుంది. అరేఖీయ పెంపు ద్వివక్రీభవనానికి ఒకటిన్నర రెట్లు అయినప్పుడు రెండూ సమానమవుతాయి. అంతవరకు రెండు ధ్రువణాలను వేరుచేసి కాపాడుతున్న భేదం అక్కడ మాయమవుతుంది. ఆ హద్దు దాటగానే లంబాంశం ప్రధానాంశం నుంచి శక్తిని గ్రహించి వేగంగా పెరుగుతుంది. మొన మీద నిలబెట్టిన పెన్సిలువలె వేగ అక్షపు స్థితి అస్థిరమవుతుంది. ఏకరీతి తీవ్రత గల తరంగానికి ఈ ధ్రువణ అస్థిరత్వాన్ని 1986లో విన్‌ఫుల్ వివరించాడు. సాలిటాన్‌లో తీవ్రత మధ్య నుంచి అంచుకు తగ్గుతుంది గనుక హద్దు విలువ కొంత మారుతుంది, వాదం మారదు.

మంద అక్షం మీద ఉన్న సాలిటాన్‌కు ఇందుకు విరుద్ధం. దాని గుణకం ముందే ఎక్కువ. శక్తి పెరిగితే ఆ ఆధిక్యం ఇంకా పెరుగుతుంది. కాబట్టి దాని ధ్రువణం మరింత సురక్షితం. వేగ అక్షపు సాలిటాన్ అస్థిరమైన చోట ఒక కొత్త వర్గం, అనగా దీర్ఘవృత్తాకార ధ్రువణం గల సాలిటాన్ల వర్గం, ఆవిర్భవిస్తుందని కూడా సిద్ధాంతం చెబుతుంది. కాలంలో కుదించుకొని ఉండే స్పందనల విషయంలోనూ సమీకరణాలు ఇట్టివే. 1997లో బరాడ్, సిల్బర్‌బర్గ్ అనువారు ఆప్టికల్ ఫైబర్‌లో అట్టి సాలిటాన్ల ధ్రువణ అస్థిరత్వాన్ని ప్రయోగంతో చూపారు.

ఇందాక గుర్తుంచుకోమన్న సంఖ్యను ఇప్పుడు తీద్దాం. 20 మైక్రాన్ల సాలిటాన్‌కు కావలసిన పెంపు లక్షకు 4.6 వంతులు. ద్వివక్రీభవనం పదివేలకు 5 వంతులు అయితే హద్దు పదివేలకు 7.5 వంతులు. సాలిటాన్ ఆ హద్దుకు ఎంతో దిగువన ఉన్నది. ఏ అక్షం మీదనైనా దానికి భయం లేదు. కాని కావలసిన పెంపు వెడల్పు వర్గానికి విలోమ అనుపాతంలో ఉంటుంది. అదే సాలిటాన్‌ను 5 మైక్రాన్లకు సన్నబరిస్తే పెంపు 16 రెట్లయి, పదివేలకు దాదాపు 7.4 వంతులకు చేరుతుంది. అనగా హద్దు అంచున నిలుస్తుంది. కాంతిని ఎంత సన్నగా బిగించదలచితే ధ్రువణం విషయంలో అంత జాగ్రత్త వహించవలెనని దీని సారాంశం. ధ్రువణాన్ని విస్మరించిన సమీకరణం ఈ హెచ్చరికను ఎన్నడూ చేయలేదు.

రెండు సమానమైన చోట

రెండు అంశాలూ కలిసి ఒకే సాలిటాన్‌గా సాగగలవా? సాగగలవు. ద్వివక్రీభవనం చాలా ఎక్కువగా ఉండి దశాభేదం వేగంగా మారుతూ ఉంటే, మూడవ ప్రభావం కలయికగాను తీసివేతగాను మారుతూ సగటున శూన్యమవుతుంది. 1, 2/3 మాత్రమే మిగులుతాయి. అప్పుడు సమాన తీవ్రత గల రెండు అంశాలలో ప్రతిదానికీ దక్కే పెంపు 5/6. కనుక ఒంటి అంశపు సాలిటాన్ కంటే ఈ జంట సాలిటాన్‌కు 1.2 రెట్ల శక్తి కావలసి వస్తుంది.

1, 2/3 అనే ఈ అసమానత లేకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు సోవియట్ గణితజ్ఞుడు మనకోవ్ 1973లో సమాధానం చెప్పాడు. స్వప్రభావం, పరస్పర ప్రభావం సమానమై, మూడవది లేకుండా ఉంటే సమీకరణాలను సంపూర్ణంగా సాధించవచ్చు. అప్పుడు శక్తిని రెండు అంశాల మధ్య ఏ నిష్పత్తిలో పంచినా సాలిటాన్ ఒకే విధంగా నిలుస్తుంది. చాలాకాలం ఇది గణిత సౌందర్యంగానే ఉండిపోయింది. 1996లో కాంగ్, స్టెగెమన్, ఐచిసన్, అఖ్మెదియెవ్ అనువారు అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ వేవ్‌గైడ్‌లో మనకోవ్ సాలిటాన్లను ప్రత్యక్షంగా చూపారు. ఆ స్ఫటికంలో సరియైన దిశను ఎన్నుకుంటే స్వప్రభావ పరస్పర ప్రభావాలు దాదాపు సమానమవుతాయి.

1997లో తిరుచిరాపల్లిలోని భారతీదాసన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాధాకృష్ణన్, లక్ష్మణన్, ఫిన్లండ్ శాస్త్రజ్ఞుడు హియతరింటాతో కలిసి మరొక విశేషాన్ని కనుగొన్నారు. రెండు మనకోవ్ సాలిటాన్లు ఢీకొన్నప్పుడు ఒక్కొక్కదాని మొత్తం శక్తి మారదు. కాని దాని ధ్రువణాంశాల మధ్య శక్తి పంపకం మారవచ్చు. అనగా సాలిటాన్ తన రూపాన్ని కాపాడుకుంటూనే, ఎదురైన సాలిటాన్ ముద్రను ధ్రువణంలో వహించి ముందుకు పోగలదు. ఈ గుణాన్ని ఆధారం చేసుకొని, కాంతి చేతనే గణన చేయించవచ్చునని 1998లో ప్రతిపాదన కూడా వెలువడింది.

ఇవన్నీ ప్రయోగశాలకే పరిమితమని భావించరాదు. సముద్రాల అడుగున వేసిన ఫైబర్లలో ద్వివక్రీభవనపు అక్షాలు దూరంతోపాటు క్రమం లేకుండా మారుతూ ఉంటాయి. సకల ధ్రువణాల మీదా సగటు తీస్తే స్వప్రభావం, పరస్పర ప్రభావం రెండూ 8/9 అనే ఒకే విలువకు వస్తాయి. అది మనకోవ్ సమీకరణమే. నేటి దీర్ఘదూర ఫైబర్ వ్యవస్థలు రెండు ధ్రువణాల మీద రెండు వేర్వేరు సందేశాలను ఒకేసారి పంపుతున్నాయి. ఆ రెండింటిలో ఒకటి రెండవదానికి ఎంత భంగం కలిగిస్తుందో లెక్కించడానికి ఇంజనీర్లు ఈ సమీకరణాన్నే ఆశ్రయిస్తున్నారు.

విజ్ఞానశాస్త్రంలో సరళీకరణ తప్పనిసరి. కాంతిని ఒకే తరంగంగా భావించి ఉండకపోతే సాలిటాన్ సిద్ధాంతం అంత త్వరగా రూపొందేది కాదు. కాని సౌకర్యం కొరకు పక్కన పెట్టినదానిని మళ్ళీ తెచ్చి లెక్కలో చేర్చడం కూడా శాస్త్రజ్ఞుని విధి. ఇక్కడ ఆ చేరిక కొద్దిపాటి సవరణతో సరిపోలేదు. ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అనే మూలప్రశ్నకే సమాధానాన్ని మార్చివేసింది. భౌతికశాస్త్రం చదువుతున్న మన విద్యార్థులు తమ పాఠ్యపుస్తకంలో "ఈ ప్రభావాన్ని ఉపేక్షించవచ్చు" అన్న వాక్యం కనబడిన ప్రతిచోటా, ఎంతవరకు ఉపేక్షించవచ్చునని ఒక్కసారి ప్రశ్నించుకొని, చేతనైతే లెక్క కట్టి చూచుకోవడం మేలు.